మతిమరుపు జబ్బుకి కొబ్బరి నూనె: కవిటిలో మా తాత చేసిన వైద్యం



ఈ మధ్య నాకు ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఒకటుంది. "మా అమ్మమ్మకి డిమెన్షియా అన్నారు. తాతగారు రోజూ కొబ్బరి నూనె తాగిస్తున్నారు. ఆన్‌లైన్‌లో ఒమేగా త్రీ కూడా తెప్పించమంటున్నారు. తెప్పించాలా?" ఊరు పేరు మారుతుంది, నూనె పేరు మారుతుంది. ప్రశ్న మాత్రం అదే. అడిగేవాళ్లందరూ పాతికేళ్లలోపు వాళ్లే. ఎందుకంటే ఇంట్లో ఫోన్ ఉన్నది వాళ్ల చేతిలో. ఆర్డర్ పెట్టేది వాళ్లు, వీడియో పంపేది వాళ్లు.

దీనికి నేను పుస్తకంలోంచి జవాబు చెప్పొచ్చు. కానీ మా ఇంట్లో జరిగింది చెప్తే మీకు బాగా అర్థమవుతుంది. మా తాతకి ఆ వీడియో పంపింది నేనే.

మాది కవిటి దగ్గర ఒక పల్లె. ఉద్దానం అంటే తెలుసు కదా, ఉద్యానవనం అనే మాటే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడి, పనస. మా తాతకి ఎకరంన్నర కొబ్బరి తోట ఉండేది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చింది చూడండి, పలాస, వజ్రపుకొత్తూరు వైపు తీరం దాటింది. ఆ ఒక్క రాత్రితో తోటలో సగానికి పైగా చెట్లు పడిపోయాయి. మిగిలిన చెట్ల కాయలతోనే ఇప్పుడు ఇల్లు నడుస్తోంది.

మామ్మకి మతిమరుపు మొదలైంది ఆ తర్వాత రెండు మూడేళ్లకి. మొదట ఎవరూ పట్టించుకోలేదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. పొయ్యి మీద పాలు పెట్టి పెరట్లోకి వెళ్లిపోయేది. పెద్దతనం అనుకున్నాం. ఒక రోజు పొద్దున్న లేచి, "తోటలో సెట్లు ఎవులు కొట్టీసినారు?" అని అడిగింది. తాత చెప్పాడు, తుపానుకి పడిపోయాయే అని. మర్నాడు మళ్లీ అడిగింది. ఆ పై రోజూ అంతే. అప్పుడు విశాఖ తీసుకెళ్లాం. స్కాన్ తీశారు, ప్రశ్నలడిగారు, గడియారం బొమ్మ గీయమన్నారు. మామ్మ గుండ్రంగా గీసి, అంకెలన్నీ ఒకే పక్కన వేసింది. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఇది డిమెన్షియా, బహుశా అల్జీమర్స్. పూర్తిగా నయం చేసే మందు లేదు. ఈ మాత్రతో కొందరిలో కొంతకాలం కాస్త నిలకడగా ఉంటుంది. డొనెపెజిల్ 5 మిల్లీగ్రాములు రాసింది.

ఆవిడ చెప్పిన నాలుగు మాటల్లో మా తాత విన్నది ఒక్కటే. మందు లేదు.

ఇంటికొచ్చాక ఆయన మనసు ఎలా ఉంటుందో ఊహించండి. యాభై ఏళ్లు పైగా కాపురం చేసిన మనిషి. చేతులు కట్టుకుని కూర్చోమంటే కూర్చోగలడా? సరిగ్గా అప్పుడే నా ఫోన్‌లో ఆ వీడియో వచ్చింది. "కొబ్బరి నూనెతో అల్జీమర్స్ మాయం, అమెరికా డాక్టర్ నిరూపించింది" అని పెద్ద ఎర్రక్షరాలు. నేను ఒక నిమిషం చూసి ఫార్వర్డ్ కొట్టేశాను. కొబ్బరి నూనే కదా, విషం కాదు కదా, పోతే ఏం పోతుంది అనుకున్నాను. ఆ మాట మీలో చాలామంది అనుకుంటున్నారు, అందుకే చెప్తున్నాను.

సరే, ఆ అమెరికా డాక్టర్ కథ అబద్ధమా? కాదు. ఆవిడ పేరు మేరీ న్యూపోర్ట్. ఫ్లోరిడాలో నెలలు నిండని పసిపిల్లల డాక్టర్. ఆవిడ భర్త స్టీవ్‌కి యాభైల్లోనే అల్జీమర్స్ వచ్చింది. 2008లో ఒక కొత్త మందు ప్రయోగంలో భర్తని చేర్పిద్దామని వెతుకుతుంటే, మీడియం చైన్ కొవ్వులతో చేసిన ఒక పదార్థం గురించి చదివింది. కొబ్బరి నూనెలో కూడా ఆ రకం కొవ్వులుంటాయి కదా అని, పొద్దున్న ఓట్స్ జావలో రెండు చెంచాలకి పైగా కలిపి పెట్టింది. స్టీవ్ కూడా గడియారం బొమ్మ గీశాడు. ముందు గీసింది చిందరవందరగా ఉంది. కొన్ని వారాల తర్వాత గీసింది చూస్తే గుండ్రంగా, అంకెలు వరసగా ఉన్నాయి. ఆ బొమ్మలే ప్రపంచమంతా తిరిగాయి. 2011లో ఆవిడ పుస్తకం రాసింది.

ఆ బొమ్మలు నిజమే. ఆవిడ ప్రేమ, ఆవిడ కష్టం కూడా నిజమే. నేను ఎగతాళి చేయను. కానీ ఆ వీడియో చెప్పనిది ఒకటుంది. కొంతకాలం బాగున్నాక స్టీవ్ మళ్లీ దిగజారాడు. 2016 జనవరిలో చనిపోయాడు. ఎర్రక్షరాల్లో అది ఉండదు.

ఇంకొకటి. మతిమరుపు జబ్బున్న మనిషి ఒక రోజు బాగుంటాడు, ఒక రోజు బాగోడు. ముందు రాత్రి నిద్ర పట్టిందా, కడుపు ఫ్రీగా అయిందా, ఎదురుగా ఉన్నది ఇష్టమైన మనిషా, వీటన్నిటి బట్టి మారుతుంది. మామ్మకి నూనె మొదలెట్టిన మూడో రోజు తాత నాకు ఫోన్ చేశాడు. "ఒరే, మీ మామ్మకి ఇయ్యాల నా పేరు గేపకమొచ్చింది!" గొంతు వణికిపోతోంది. నేనూ నమ్మేశాను. కానీ నూనె మొదలెట్టక ముందు కూడా వారానికి రెండు మూడుసార్లు ఆవిడకి ఆయన పేరు గుర్తొచ్చేది. అప్పుడు మనం లెక్కపెట్టలేదు, అంతే.

ఇప్పుడు సైన్స్ కొంచెం చూద్దాం. బోర్ కొట్టదు, ఉండండి. మెదడుకి ముఖ్యమైన ఇంధనం గ్లూకోజ్. అల్జీమర్స్ వచ్చిన మెదడు ఆ గ్లూకోజ్‌ని సరిగ్గా వాడుకోలేదు. ఇది స్కాన్‌లలో కనపడే విషయం. గ్లూకోజ్‌కి బదులు మెదడు వాడుకోగలిగిన ఇంకో ఇంధనం ఉంది, కీటోన్లు. మనం ఉపవాసం ఉన్నప్పుడు లివర్ కొవ్వుని కరిగించి కీటోన్లు తయారుచేస్తుంది. ఎంసీటీ అనే ఒక రకం కొవ్వు తిన్నా, ఉపవాసం లేకుండానే కీటోన్లు కొంచెం పెరుగుతాయి. కాబట్టి ఆలోచన పిచ్చిది కాదు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు దీని మీద పనిచేస్తున్నారు.

చిక్కు ఎక్కడంటే, కొబ్బరి నూనె, ఎంసీటీ నూనె ఒకటి కాదు. లివర్ చకచకా కీటోన్లుగా మార్చేవి కాప్రిలిక్, కాప్రిక్ అనే రెండు కొవ్వు ఆమ్లాలు. కొబ్బరి నూనెలో ఆ రెండూ కలిపి వందకి పదిహేను పాళ్లు కూడా ఉండవు. సగానికి దగ్గరగా ఉండేది లారిక్ ఆమ్లం. అది ఎక్కువ భాగం మామూలు కొవ్వులాగే ఒంట్లోకి వెళుతుంది. బాటిల్ మీద "ఎంసీటీ సమృద్ధిగా కలది" అని రాసేవాళ్లు ఈ లారిక్‌ని కూడా కలిపేసి లెక్క చెప్తారు.

పోనీ అసలు ఎంసీటీ పనిచేసిందా? కెనడాలో షెర్‌బ్రూక్ విశ్వవిద్యాలయం వాళ్లు, డిమెన్షియా ఇంకా రాని, జ్ఞాపకశక్తి కొంచెం తగ్గిన వాళ్లకి రోజుకి 30 గ్రాముల చొప్పున ఆరు నెలలు ఇచ్చారు. కొన్ని పరీక్షల్లో కాస్త మెరుగు కనపడింది. అది మంచి వార్తే. కానీ అల్జీమర్స్ వచ్చేసిన 400 మందికి పైగా మనుషుల మీద ట్రైకాప్రిలిన్ అనే శుద్ధి చేసిన ఎంసీటీతో పెద్ద ప్రయోగం చేస్తే, తేడా ఏమీ తేలలేదు. ఆ ఫలితం 2017లో వచ్చింది. కంపెనీ వాళ్లు తయారీ పద్ధతి మార్చడం వల్ల కీటోన్లు సరిగ్గా పెరగలేదన్నారు. కావచ్చు. కానీ శుద్ధి చేసిన దానికే ఆ గతి పట్టినప్పుడు, గానుగ నూనె గురించి మనం ఏం చెప్పగలం?

ఇక మా తాత దగ్గరికి వద్దాం. ఆయన కొట్టు నుంచి నూనె కొనలేదు. మిగిలిన చెట్ల కాయలు దించి, ఎండబెట్టి, గానుగ ఆడించి తెచ్చాడు. నేను ఒకసారి "తాతా, కాస్త తగ్గించరాదూ" అన్నాను. "మన సెట్టు నూనె మన మనిషికి పనికిరాదేటిరా?" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. తుపాను ఆయన తోట తీసుకుపోయింది, జబ్బు ఆయన మనిషిని తీసుకుపోతోంది. మిగిలిన తోటతో మిగిలిన మనిషిని నిలబెట్టుకుందామని చూస్తున్నాడు. దాన్ని మూఢనమ్మకం అంటే నేను ఒప్పుకోను.

మొదట ఒక చెంచా. వారం తిరిగేసరికి పెద్ద చెంచాతో నాలుగు, పొద్దున్న రెండు, రాత్రి రెండు. నాలుగు పెద్ద చెంచాలంటే సుమారు 55 గ్రాముల నూనె, దాదాపు 480 కేలరీలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి చెప్పిన నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు. అంటే మా మామ్మకి నూనె రూపంలోనే రెట్టింపు పడుతోంది, కూరల్లో నూనె కాకుండా. పైగా కొబ్బరి నూనెలో వందకి ఎనభై పాళ్లకి పైగా సంతృప్త కొవ్వు. మామూలు వంట నూనెలతో పోలిస్తే అది చెడు కొలెస్ట్రాల్ పెంచుతుందని 2020లో పదహారు ప్రయోగాలు కలిపి చూసినప్పుడు తేలింది. డిమెన్షియాలో రక్తనాళాల పాత్ర కూడా ఉంటుంది కాబట్టి అది చిన్న విషయం కాదు.

కానీ మా ఇంట్లో కొంప ముంచింది కొలెస్ట్రాల్ కాదు.

నూనె అంత పడేసరికి మామ్మకి విరేచనాలు పట్టుకున్నాయి. ఎంసీటీ ప్రయోగాల్లో కూడా జనం మధ్యలో మానేయడానికి ముఖ్య కారణం ఇదే, కడుపు. తాత నూనె ఆపలేదు. "అలవాటు పడతాది" అన్నాడు. నీరసంగా ఉందని ఇంట్లో వాళ్లందరం కలిసి ఏం చేశాం? కొబ్బరి నీళ్లు. ఉద్దానంలో నీరసమంటే కొబ్బరి బొండమే కదా. రోజుకి మూడు నాలుగు. వీటికి తోడు నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన జ్ఞాపకశక్తి పొడి ఒకటి, చేప నూనె మాత్రలు ఒకటి. అన్నీ ఒకేసారి. నాలుగో రోజుకి మామ్మ మనుషుల్ని పోల్చుకోవడం మానేసింది. మధ్యాహ్నం నిద్రపోవడం, రాత్రంతా గోడతో మాట్లాడటం. మంచం మీంచి లేవలేదు. చుట్టాలు వచ్చి, జబ్బు ముదిరిపోయింది అన్నారు. మేమూ అదే అనుకున్నాం.

ఆరో రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాం. రక్తం తీశారు. క్రియాటినిన్ 2.9. పొటాషియం 6.1. డ్యూటీలో ఉన్న డాక్టర్ పొటాషియం అంకె చూసి ముందు ఈసీజీ తీయించాడు. ఆ అంకె అంత పెరిగితే గుండె ఆగిపోవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

జరిగింది ఏమిటంటే, మామ్మ కిడ్నీలు అంతకు ముందే కొంత దెబ్బతిని ఉన్నాయి. మాకు తెలియదు, ఎందుకంటే పరీక్ష చేయించి నాలుగేళ్లయింది. విరేచనాలతో ఒంట్లో నీరు పోయి కిడ్నీలు ఇంకా కుంగాయి. అప్పుడు మేం బొండాల కొద్దీ పొటాషియం పోశాం. వంద మిల్లీలీటర్ల కొబ్బరి నీళ్లలో సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. పెద్ద బొండం ఒక్కటి తాగితే దాదాపు గ్రాము. బాగున్న కిడ్నీ దాన్ని బయటికి పంపేస్తుంది. పాడైన కిడ్నీ పంపలేదు. ఆ గందరగోళం అంతా డిమెన్షియా ముదరడం కాదు. దాన్ని డెలీరియం అంటారు. ఒంట్లో నీరు తగ్గినా, ఉప్పులు తేడా వచ్చినా, ఇన్ఫెక్షన్ వచ్చినా ఒకట్రెండు రోజుల్లో ముంచుకొస్తుంది. డిమెన్షియా నెలలు, ఏళ్లలో మెల్లగా దిగుతుంది. డెలీరియం రోజుల్లో దిగుతుంది. ఈ తేడా ఇంట్లో ఒక్కళ్లకి తెలిసి ఉంటే మేం రెండో రోజే బయలుదేరేవాళ్లం.

డయాలసిస్ దాకా వెళ్లలేదు, అదృష్టం. సెలైన్, మందులతో తొమ్మిది రోజుల్లో క్రియాటినిన్ 1.8కి దిగింది. మామ్మ మళ్లీ మనుషుల్ని పోల్చుకుంది. డిశ్చార్జ్ రోజు ఆటోలో కూర్చుని అడిగింది, "తోటలో సెట్లు ఎవులు కొట్టీసినారు?" ఆ ప్రశ్న విని మేం ముగ్గురం నవ్వాం, తాత మాత్రం ఏడ్చాడు.

మన ప్రాంతం బయటివాళ్ల కోసం ఒక్క ముక్క చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఈ ఏడు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్నో ఏళ్లుగా ఉంది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 67 గ్రామాల్లో చూస్తే పెద్దవాళ్లలో ఐదుగురికి ఒకరికి కిడ్నీ జబ్బు ఉందని తేలింది. అందులో ఎక్కువమందికి షుగర్ లేదు, తెలిసిన కారణం ఏదీ లేదు. కారణం ఈ రోజుకీ పూర్తిగా తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్‌లో మొదలైంది. కవిటి ఆసుపత్రిలోనే డయాలసిస్ యంత్రాలున్నాయి. మాకు కిడ్నీ అంటే కొత్త మాట కాదు. వీధికో ఇద్దరున్నారు. అయినా మామ్మ తల గురించి ఆలోచించేటప్పుడు మామ్మ కిడ్నీ మాకు గుర్తుకే రాలేదు. మెదడు జబ్బుకి మెదడు మందు, అంతే అనుకున్నాం. విశాఖలో డాక్టరమ్మకి మాది కవిటి అని చెప్పాం, కిడ్నీ పరీక్ష చేసి చాలా కాలమైందని చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు. అది మా తప్పు.

అందుకే ఉద్దానంలోనే కాదు, మీ ఊరు ఏదైనా సరే, ఇంట్లో పెద్దవాళ్లకి సీసా ఏదైనా మొదలుపెట్టే ముందు ఒక క్రియాటినిన్ పరీక్ష చేయించండి. ఆ ఒక్క పరీక్ష ధర మీరు ఆర్డర్ పెట్టబోయే డబ్బా ధరలో చిన్న వంతు. డిమెన్షియాకి వాడే మెమాంటిన్ అనే మాత్ర కూడా కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి డోసు తగ్గించి ఇవ్వాలి. రిపోర్ట్ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, ప్రతి డాక్టర్‌కీ చూపించండి.

ఇప్పుడు మిగతా సీసాల సంగతి. చేప నూనె మాత్రలు, అంటే ఒమేగా త్రీ. అమెరికాలో అల్జీమర్స్ ఉన్న 402 మందితో ప్రయోగం చేశారు, కొందరికి రోజుకి 2 గ్రాముల డీహెచ్‌ఏ ఏడాదిన్నర పాటు, మిగతావాళ్లకి ఉత్తి మాత్ర. 2010లో ఫలితం వచ్చింది, తేడా లేదు. మరి చేప? చేప తినండి. బారువ వైపు వలల్లో పడే కవ్వళ్లు, కానాగర్తలు ఏ మాత్రకన్నా రుచిగా ఉంటాయి, ప్రొటీన్ కూడా వస్తుంది. ముళ్లు తీసి పెట్టాలి, అది మర్చిపోవద్దు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి ఎంత పెట్టాలో డాక్టర్‌ని అడిగి పెట్టాలి. ఒక హెచ్చరిక, చేప నూనె వేరు, చేప లివర్ నూనె వేరు. లివర్ నూనెలో విటమిన్ ఎ ఎక్కువ. కిడ్నీ పాడైనవాళ్లలో అది పేరుకుపోతుంది. పసుపు రంగు గుండ్రటి మాత్రలు చిన్నప్పుడు మనకి ఇచ్చారు కదా అని తాతలకి ఇవ్వకండి.

గింకో అనే ఆకు సారం ఉంటుంది, ఆన్‌లైన్‌లో జ్ఞాపకశక్తికి అని కొడితే మొదట వచ్చేది అదే. 75 ఏళ్లు దాటిన 3069 మందితో ఆరేళ్లు చూశారు. డిమెన్షియా రావడం ఏమీ తగ్గలేదు. అది 2008లోనే తేలిపోయింది. పదిహేనేళ్ల పైన అయింది, అమ్మకాలు ఆగలేదు.

విటమిన్ ఈ సంగతి వేరు, నిజాయితీగా చెప్పాలి. 2014లో అమెరికాలో 613 మంది మాజీ సైనికుల మీద చేసిన ప్రయోగంలో రోజుకి 2000 యూనిట్ల డోసు ఇస్తే, స్నానం, బట్టలు కట్టుకోవడం లాంటి రోజువారీ పనులు చేసుకునే శక్తి కొంచెం ఆలస్యంగా తగ్గింది. జ్ఞాపకశక్తి మాత్రం మెరుగుపడలేదు. సేవ చేసేవాళ్లకి రోజుకి రెండు గంటల శ్రమ తగ్గింది, అది తక్కువేం కాదు. కానీ ఆ డోసు చాలా పెద్దది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి రక్తస్రావం భయం ఉంది. మగవాళ్లలో అంతకన్నా చిన్న డోసుకే ప్రొస్టేట్ క్యాన్సర్ పెరిగినట్టు ఇంకో అధ్యయనంలో కనపడింది. కాబట్టి అది డాక్టర్ రాయాల్సిన మాత్ర, మనం కార్ట్‌లో వేసుకునేది కాదు.

పొడులు, లేహ్యాలు. ఇక్కడ కొందరికి కోపం వస్తుంది, తెలుసు. బ్రాహ్మి మీద నాకు కోపం లేదు. కానీ 2008లో ఒక పరిశోధనలో ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులు కొని పరీక్షిస్తే, ఐదింట ఒకదానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది. సీసం మెదడుకీ విషమే, కిడ్నీకీ విషమే. నేను తెప్పించిన డబ్బా మీద ఏ మూలిక ఎంత అని లేదు, "ప్రత్యేక మిశ్రమం" అని ఉంది. ఆసుపత్రిలో డాక్టర్ ఆ డబ్బా తిప్పి చూసి, ఏం మాట్లాడకుండా నా చేతికి ఇచ్చేశాడు. ఒకటి చెప్పనా? మన దేశంలో 1954 నుంచి ఒక చట్టం ఉంది, డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం. కొన్ని జబ్బుల్ని నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం నేరం. ఆ జాబితాలో మెదడు జబ్బులున్నాయి. పాతకాలంలో బ్రైట్స్ డిసీజ్ అని పిలిచిన కిడ్నీ జబ్బు కూడా ఉంది. నయం చేస్తామని రీల్ కనపడితే రిపోర్ట్ కొట్టండి. ఫార్వర్డ్ కొట్టడానికి ఎంత టైమ్ పడుతుందో దీనికీ అంతే పడుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో తేల్చి చెప్పింది. డిమెన్షియా రాకుండా ఉండటానికి బి విటమిన్లు, విటమిన్ ఈ, ఒమేగా త్రీ లాంటివి మాత్రల రూపంలో వాడమని సలహా ఇవ్వలేం అని.

అయితే బి 12 గురించి ఒక మాట. లోపం లేనివాళ్లకి మాత్రలు పోస్తే లాభం లేదు. లోపం ఉంటే మాత్రం తప్పకుండా ఇవ్వాలి. బి 12 తగ్గితే కూడా మతిమరుపు, తికమక వస్తాయి, కాళ్లు తిమ్మిర్లెక్కుతాయి. శాకాహారులకి, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకి, గ్యాస్ మాత్ర రోజూ మింగేవాళ్లకి తగ్గే అవకాశం ఎక్కువ. థైరాయిడ్ కూడా అంతే. సరిచేయగలిగిన కారణాలు ఇవి. మా మామ్మకి బి 12 తక్కువే ఉంది. ఇంజెక్షన్లు వేశారు. కాళ్ల తిమ్మిర్లు తగ్గాయి, నడక కుదిరింది. మతిమరుపు అలాగే ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను.

ఇక తిండిలో కొవ్వు అసలు వద్దా అని అడుగుతారు. వద్దని ఎవరన్నారు? ఈ జబ్బులో చాలామంది బరువు తగ్గిపోతారు. తిన్నామో లేదో గుర్తుండదు, ఆకలి చెప్పలేరు. డొనెపెజిల్ కూడా కొందరికి ఆకలి తగ్గిస్తుంది. అలాంటప్పుడు అన్నంలో చెంచా నెయ్యో, నూనో వేస్తే రెండు ముద్దల్లో ఎక్కువ బలం వెళుతుంది. అక్కడ కొవ్వు పనికొస్తుంది, మందులా కాదు, అన్నంలా. మామ్మకి ఇప్పుడు మెత్తగా కలిపిన పప్పన్నంలో చిన్న చెంచా నెయ్యి. కూరలకి వేరుశనగ నూనె. కొబ్బరి పచ్చడి వారానికి ఒకసారి, కొంచెం. జీడిపప్పు మాత్రం ఆపాం, పలాస పక్కనే ఉండి కూడా. దానిలో పొటాషియం, ఫాస్ఫరస్ ఉంటాయి, పైగా నమలడం మర్చిపోయిన మనిషికి గుండు పప్పు గొంతులో అడ్డం పడుతుంది. మీ ఇంట్లో మనిషికి కిడ్నీ బాగుంటే లెక్క వేరు. అందుకే మా మామ్మ మెనూ కాపీ కొట్టకండి. నెలకోసారి బరువు తూచి ఒక కాగితం మీద రాయండి. మా ఇంట్లో గోడ మీద కాలెండర్‌లో రాస్తున్నాం.

తాతతో మాట్లాడటం అన్నిటికన్నా కష్టమైంది. "నీ నూనె వల్లే ఇదంతా" అని మా బాబాయి ఒకసారి కోపంలో అన్నాడు. అనకూడదు. ఆ రోజు తాత అన్నం తినలేదు. వీడియో పంపింది నేను అని బాబాయికి చెప్పాను. చాలా రోజులు ఆ విషయం దాచాను, నిజం చెప్పాలంటే. అప్పటి నుంచి ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరైనా ఏదైనా కొత్తది పెడదాం అంటే, వద్దు అనం. "డాక్టర్‌ని అడిగి పెడదాం" అంటాం. తాత ఒక నోటు పుస్తకంలో రాసుకుంటాడు. పోయిన నెల ఆ పుస్తకంలో అయిదు ఉన్నాయి. పసుపు పాలు, అక్రోట్లు, ఏదో ఆకు కషాయం, గుడ్డు, ఇంకోటి చదవలేకపోయాను. డాక్టర్ గుడ్డుకి సరే అంది. తాత ఎంత సంతోషపడ్డాడో.

మీ తాతలు, నాన్నలు ఇలా ఒంటరిగా సేవ చేస్తుంటే వాళ్లని కూడా చూసుకోండి. రాత్రిళ్లు నిద్ర ఉండదు, బయటికి కదల్లేరు. మనసు బాగా కుంగితే 14416కి ఫోన్ చేయొచ్చు, టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పెద్దవాళ్లకి సంబంధించి ఏ సాయానికైనా 14567.

గానుగ నూనె ఇంకా ఒక డబ్బా మిగిలింది. తాత పారేయలేదు. సాయంత్రం అరుగు మీద మామ్మని కూర్చోబెట్టి తలకి రాస్తాడు, జడ వేయడం కూడా నేర్చుకున్నాడు, వంకరగా వస్తుంది. సెట్లు ఎవులు కొట్టీసినారు అని మామ్మ అడిగితే ఇప్పుడు తుపాను సంగతి చెప్పడు. "కొత్త మొక్కలు ఏసినానే, మూడేళ్లకి కాపుకొస్తాయి" అంటాడు. నిజంగానే పన్నెండు మొక్కలు వేశాడు.

రాత్రిళ్లు నిద్రపోకుండా లేచి తిరిగేవాళ్లని ఎలా చూసుకోవాలని అడిగారు కదా, వచ్చే ఎపిసోడ్ దాని మీద. ఉంటాను.